గూడ్స్ లిఫ్ట్ సేఫ్టీ వైరింగ్: జంపర్‌తో పనిపడకుండా ప్యానెల్ కట్టడం

ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి పోటెత్తే ఫిబ్రవరి, మార్చి నెలల్లో వరంగల్ చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో గూడ్స్ లిఫ్ట్ గంటసేపు ఆగితే చాలు, గేటు బయట లారీలు బారులు తీరతాయి. హమాలీలు ఖాళీగా కూర్చుంటారు, ఓనర్ ఫోన్ మీద ఫోన్ చేస్తుంటాడు. ఆ టెన్షన్‌లో ఎలక్ట్రీషియన్ ప్యానెల్ తెరిచి, ఏదైనా తేడా వస్తే లిఫ్ట్‌ను ఆపే సేఫ్టీ లైన్ రెండు కొసలను ఒక వైరు ముక్కతో, అంటే జంపర్‌తో కలిపేస్తాడు. "ఇయ్యాల్టికి నడవనీ, రాత్రికి చూద్దాం" అంటారు. ఆ ముక్క వచ్చే సీజన్ దాకా అక్కడే ఉంటుంది. పత్తి మిల్లయినా రైస్ మిల్లయినా ఇదే వరస.

నేను లిఫ్ట్ ప్యానెళ్లు కట్టేవాణ్ణి. జంపర్ వేసినవాణ్ణి తిట్టి లాభం లేదని నా అభిప్రాయం. తప్పు ఎక్కడుందో అయిదు నిమిషాల్లో తెలిసిపోతే వాడికి జంపర్ వేసే అవసరమే రాదు. అందుకే కింద చెప్పే వైరింగ్‌లో భద్రత ఎంత ముఖ్యమో, తప్పు త్వరగా దొరకడం కూడా అంతే ముఖ్యం.

ముందు సేఫ్టీ లైన్ సంగతి. లిఫ్ట్‌ను ఆపాల్సిన ప్రతి స్విచ్ కాంటాక్ట్ మామూలుగా కలిసే ఉండాలి, అన్నీ ఒకే సిరీస్‌లో రావాలి. అప్పుడు స్విచ్ తెరుచుకున్నా, వైరు తెగినా, ఎలుక కొరికినా, టెర్మినల్ స్క్రూ వదులైనా ఫలితం ఒకటే: కాంటాక్టర్ (మోటారుకు కరెంటు ఇచ్చే పెద్ద స్విచ్) పడిపోతుంది, బ్రేక్ పడుతుంది. నేను పాటించే వరస ఇది. కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్ 110 వోల్టుల సెకండరీ (అవుట్‌పుట్ వైపు) నుంచి ఎంసీబీ, ఫేజ్ రివర్సల్ రిలే, మోటారు ఓవర్‌లోడ్ రిలే, పైనా కిందా ఫైనల్ లిమిట్లు (చివరి అంతస్తు దాటితే తెరుచుకునే స్విచ్‌లు), గవర్నర్ స్విచ్ (వేగం మితిమీరితే తెరుచుకునేది), సేఫ్టీ గేర్ (లిఫ్ట్‌ను పట్టాలకు బిగించి ఆపేది) స్విచ్, డ్రమ్ము మెషిన్ అయితే రోపు వదులైతే తెరుచుకునే స్విచ్, పిట్ స్టాప్, కేజీ (సరుకు ఎక్కించే బోను) పైన స్టాప్, లోపలి ఎమర్జెన్సీ స్టాప్. ఇక్కడితో మొదటి భాగం. తర్వాత అంతస్తుల గేట్లు, ఆ తర్వాత కేజీ గేటు. చివరకు అప్, డౌన్ కాంటాక్టర్ల కాయిళ్లు.

ఫేజ్ రివర్సల్ రిలేను తేలిగ్గా తీసుకోకండి. ఎండాకాలం ట్రాన్స్‌ఫార్మర్ మార్చాకో, లైను పని జరిగాకో రెండు ఫేజులు అటూ ఇటూ అయితే అప్ బటన్ నొక్కినా లిఫ్ట్ కిందికి పోతుంది. మామూలు కింది లిమిట్ డౌన్ కాంటాక్టర్‌నే ఆపుతుంది కాబట్టి, అప్ కాంటాక్టర్ మీద కిందికి పోయే లిఫ్ట్‌కు అది అడ్డు రాదు.

ఎక్కువ ప్యానెళ్లలో పొరపాటు జరిగేది ఎర్త్ దగ్గర. ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ రెండో కొసను తప్పనిసరిగా ఎర్త్ చేయాలి. కాయిళ్ల ఒక కాలు నేరుగా ఆ కొసకే వెళ్లాలి, స్విచ్‌లన్నీ ఎర్త్ చేయని మొదటి కొస వైపున ఉండాలి. అప్పుడు గేటు స్విచ్ వైరు ఇన్సులేషన్ చెడి కేజీ ఇనుముకు తగిలితే ఎంసీబీ పడి లిఫ్ట్ ఆగుతుంది. ఎర్త్ చేయకుండా వదిలేస్తే మొదటిసారి తగిలినప్పుడు ఏమీ తెలియదు. అదే లైనులో ఇంకోచోట కూడా తగిలితే ఆ రెండింటి మధ్య ఉన్న స్విచ్‌లన్నింటికీ ఇనుమే జంపర్ అవుతుంది. కోల్డ్ స్టోరేజీలో చలి గది నుంచి బయటి వేడిలోకి వచ్చే చోట స్విచ్ డబ్బాల్లో చెమ్మ పట్టి నీళ్లు కారుతుంటాయి. ఇన్సులేషన్ చెడటం అక్కడ ఎప్పుడో ఒకసారి జరిగే ముచ్చట కాదు. అందుకే అక్కడ ఐపీ 65 (దుమ్ము, నీళ్లు దూరని రకం) స్విచ్‌లు పెట్టి, కేబుల్‌ను డబ్బా కింది వైపు నుంచే లోపలికి తేవాలి.

గేటు స్విచ్‌లకు రోలర్ లీవర్ రకం వద్దు. బస్తాలు త్వరగా దించాలని గేటు తెరిచే ఉంచి, రోలర్ కింద చెక్క ముక్క దూర్చడం హమాలీలకు చిటికెలో పని. గేటుకు బిగించిన నాలుకలాంటి కీ స్విచ్‌లోకి దూరితేనే కాంటాక్ట్ కలిసే రకం తీసుకోండి. తెరుచుకునేటప్పుడు స్ప్రింగ్ మీద ఆధారపడకుండా కీయే కాంటాక్ట్‌ను లాగి విడదీయాలి. అలాంటి స్విచ్‌ల మీద వలయంలో బాణం గుర్తు ఉంటుంది, కొనేటప్పుడు చూడండి. అంతస్తు గేటుకు కాంటాక్ట్ ఒక్కటే ఉంటే చాలదు, తాళం కొక్కెం కూడా ఉండాలి. యూరప్ లిఫ్ట్ ప్రమాణం ఈఎన్ 81-20 ప్రకారం కొక్కెం కనీసం 7 మిల్లీమీటర్లు లోపలికి దిగాకే కాంటాక్ట్ కలవాలి. స్కేలు పెట్టి చూస్తే రెండు నిమిషాల పని.

ఇప్పుడు లాంపులు. పైన చెప్పిన మూడు భాగాలు ముగిసే చోట ఒక్కో వైరు తీసి ప్యానెల్ తలుపు మీద ఒక్కో లాంపుకు ఇస్తాను. మూడూ వెలిగితే లైన్ బాగున్నట్టు. మొదటిది వెలిగి రెండోది ఆరితే ఏదో అంతస్తు గేటు తెరిచి ఉంది, మిగతా షాఫ్ట్ అంతా వెతకక్కర్లేదు. అంతస్తులు నాలుగు దాటితే ఒక్కో గేటుకు ఒక్కో లాంపు పెట్టినా ఖర్చు పెద్దగా ఉండదు. ఇందులో ఒక చిక్కుంది. కేజీ వెంట వేలాడే ఫ్లాట్ కేబుల్ పొడవుగా ఉంటే పక్క వైరు నుంచి వోల్టేజీ పాకి, తెగిన లైన్ మీద కూడా ఎల్ఈడీ మసగ్గా వెలుగుతుంది. మల్టీమీటర్ పెట్టినా వోల్టేజీ ఉన్నట్టే చూపిస్తుంది. లాంపుకు పారలల్‌గా ఒక రెసిస్టర్ వేస్తే ఆ దొంగ వెలుగు పోతుంది. మీటరుతో వెతికేవాళ్లు చిన్న 110 వోల్టుల టెస్ట్ ల్యాంపు వాడితే మోసపోరు. లాంపుల కామన్‌ను కాయిళ్ల కామన్‌తో కలపకుండా వేరే వైరుతో ఎర్త్ బార్‌కు తీసుకెళ్లండి.

పీఎల్‌సీ (లిఫ్ట్‌ను నడిపే చిన్న కంప్యూటర్) ఉన్న ప్యానెళ్లలో ఈ లాంపులకు బదులు ఇన్‌పుట్లు ఇస్తారు, మంచిదే. కానీ పీఎల్‌సీ చూడాలే గాని, నిర్ణయం దాని చేతిలో ఉండకూడదు. సేఫ్టీ లైన్ నేరుగా కాయిల్ కరెంటునే తెంపాలి. మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్ ఉన్నా ఇదే మాట. రన్ సిగ్నల్ తీసేశాం కదా, ఆగిపోతుందిలే అనుకోవద్దు.

మోటారు లైన్‌లో రెండు కాంటాక్టర్లు సిరీస్‌లో ఉండాలి: ఒక మెయిన్, ఒక డైరెక్షన్. ఒకటి అతుక్కుపోయినా రెండోది తెంపుతుంది. అయితే అతుక్కుపోయిన సంగతి మీకు తెలియాలి కదా. అందుకు రెండింటి ఎన్‌సీ (మామూలుగా కలిసి ఉండే) ఆగ్జిలరీ కాంటాక్టులను స్టార్ట్ లైన్‌లో వేయాలి. ఏదైనా విడిపోకుండా ఉండిపోతే తర్వాతి స్టార్ట్ రాదు. అప్, డౌన్ రెండూ ఒకేసారి పడకుండా వాటి మధ్య ఎలక్ట్రికల్ ఇంటర్‌లాక్‌తో పాటు మెకానికల్ ఇంటర్‌లాక్ కూడా బిగించండి.

బ్రేక్ కాయిల్ విషయంలో చిన్న కిటుకు. కరెంటును రెక్టిఫయర్‌కు (ఏసీని డీసీగా మార్చేదానికి) ముందు, ఏసీ వైపు తెంపితే కాయిల్‌లో మిగిలిన కరెంటు డయోడ్లలో తిరుగుతూ ఉంటుంది, బ్రేక్ ఆలస్యంగా పడుతుంది. బస్తాలతో దిగే కేజీ అంతస్తు దాటి ఆగడానికి కారణం ఇదీ కావచ్చు, లైనింగ్ అరుగుదలే కానక్కర్లేదు. డీసీ వైపు తెంపి, కాయిల్‌కు వేరిస్టర్ (తెంపినప్పుడు ఎగిసే వోల్టేజీని అణిచేది) వేయండి.

ప్యానెల్ అప్పగించే ముందు నేను చేసే పరీక్షలు రెండు. మోటారు పవర్ తీసి కంట్రోల్ మాత్రం ఆన్ చేసి, చివరి గేటు స్విచ్ వైరును కేజీ బాడీకి తగిలిస్తాను. ఎంసీబీ పడాలి. పడకపోతే సెకండరీకో కేజీకో ఎర్త్ సరిగా లేదన్నట్టే. తర్వాత మెయిన్ కాంటాక్టర్‌ను స్క్రూడ్రైవర్‌తో నొక్కిపట్టి, పక్కవాణ్ణి స్టార్ట్ నొక్కమంటాను. డైరెక్షన్ కాంటాక్టర్ అసలు కదలకూడదు. తరువాత అదే తీరులో డైరెక్షన్ కాంటాక్టర్‌ను నొక్కి చూస్తాను. మోటారు బాడీకి రెండు వేర్వేరు ఎర్త్ వైర్లు ఉన్నాయో లేదో కూడా అప్పుడే చూస్తాను.

మిల్లు ఓనర్లకు ఒక మాట. 2025 నవంబరులో కొత్త లేబర్ కోడ్ అమల్లోకి వచ్చేదాకా నడిచిన ఫ్యాక్టరీల చట్టం, 1948లోని 28వ సెక్షన్ హాయిస్ట్‌లు, లిఫ్ట్‌ల గురించే. కేజీ అంతస్తుకు వచ్చినప్పుడు తప్ప గేటు తెరుచుకోకూడదు, గేటు మూసి ఉంటే తప్ప కేజీ కదలకూడదు అని అందులో ఉండేది. మోయగల గరిష్ఠ బరువును కేజీ మీద స్పష్టంగా రాయాలనీ ఉండేది. ఆర్నెల్లకోసారి అర్హత ఉన్న వ్యక్తితో తనిఖీ చేయించి రిజిస్టర్‌లో ఎక్కించాలనీ ఉండేది. ఆ తనిఖీల్లో ఒకటి జనవరిలో, సీజన్‌కు ముందు పడేట్టు పెట్టుకోండి. ఆ రోజు ప్యానెల్ తలుపు తెరిపించి, పాత జంపర్లు ఏమైనా మిగిలాయేమో మీరే దగ్గరుండి చూడండి.