రామప్పకు పాత మేజోళ్లు

హనుమకొండ నుంచి ఒక్కరోజు యాత్రలో రామప్ప గుడికి చేరేసరికి మిట్టమధ్యాహ్నమే అవుతుంది. చెప్పులు విడిచి రాతిపరుపు మీద అడుగు పెడితే అరికాళ్లు చురుక్కుమంటాయి. గైడు చూరు కింది మదనికలను, అంటే అందగత్తెల రాతి బొమ్మలను, చూపిస్తుంటే మనం నీడ కోసం గంతులు వేస్తుంటాం.

ఈసారి మనిషికి ఒక జత పాత నూలు మేజోళ్లు సంచిలో వేసుకెళ్లాను. పలుచగా ఉన్నవి రెండేసి జతలు. చెప్పులు వదిలేచోటే తొడుక్కుని, 1213 నాటి ఆ శిల్పాల చుట్టూ తీరిగ్గా తిరిగాం. మండపంలోకి వెళ్లేముందు మాత్రం విప్పేయాలి. గుడి మర్యాద ఒకటి, నున్నటి నల్లరాయి మీద కాలు జారడం మరొకటి. మా బావ విప్పకుండా వెళ్లి స్తంభాన్ని కౌగిలించుకున్నాడు! వాన పడి రాయి తడిగా ఉంటే అసలు తొడగవద్దు. దారిలో వరిగట్ల మీద ఫొటోలకు దిగినా అంతే, ఆ బురద ఎన్ని ఉతుకులకూ వదలదు.