‘హెయిర్‌స్ప్రే’ వేషాలకు 1962 నాటి ఎత్తు జుట్టు కట్టడం ఎలా?

జాన్ వాటర్స్ 1988లో తీసిన ‘హెయిర్‌స్ప్రే’ కథ జరిగేది 1962లో, బాల్టిమోర్‌లో. ట్రేసీ టర్న్‌బ్లాడ్ అనే బొద్దుపాటి అమ్మాయి టీవీ డాన్సు షోలో చోటు సంపాదించి, నల్లజాతి పిల్లల్ని అందులోకి రానివ్వని పెద్దల మీద తిరగబడుతుంది. ఆ షోకి మూలం ఆ ఊళ్లో నిజంగా నడిచిన ‘బడీ డీన్ షో’. తెల్ల పిల్లల్నీ నల్ల పిల్లల్నీ కలిపి ఆడించలేక 1964 జనవరిలో దాన్ని మూసేశారు.

సినిమాలో ట్రేసీని ప్రత్యేక తరగతికి పంపేది ఆమె జుట్టు చూసే. అందుకే ఈ కథను స్టేజీ ఎక్కించేవాళ్లు జుట్టును కోతి వేషంలా కట్టకూడదు. ఆ పిల్లలు అందం కోసం శ్రద్ధగా కట్టుకున్న జుట్టు అది. నవ్వు రావాల్సింది దాన్ని చూసి హడలిపోయే పెద్దల్ని చూసి.

ముందు ఏ వేషానికి ఏది కావాలో తేల్చుకోండి. బూఫాంట్ అంటే తలంతా గుండ్రంగా ఉబ్బి, కొసలు భుజాల దగ్గర ఒంపు తిరిగేది. బీహైవ్ తేనెపట్టులా పైకి లేస్తుంది. షికాగోకి చెందిన మార్గరెట్ విన్సీ హెల్ట్ 1960లో ఒక బ్యూటీ పత్రిక కోసం దాన్ని తయారుచేసింది. నిటారుగా వదిలేసిన పొడుగు జుట్టు, నుదుటి పట్టీ అరవైల చివర వచ్చిన హిప్పీలవి. చాలామంది ఇక్కడే కాలం తప్పుతారు.

బీహైవ్‌కి కావలసినవి: తోకలా సన్నటి పిడి ఉన్న దువ్వెన, మెత్తటి కుచ్చు బ్రష్, నల్ల పిన్నులు 30 దాకా, యూ పిన్నులు ఓ 10, హెయిర్ నెట్, స్ప్రే, ఒక సవరం. జడల్లో వాడే సవరమే, కొత్తదేమీ కొనక్కర్లేదు.

తలస్నానం ముందురోజే చేయించాలి, కండిషనర్ వద్దు. నూనె చుక్క ఉన్నా వెంట్రుకలు ఒకదాన్నొకటి పట్టుకోవు, కట్టిన గంటకే కూలుతుంది. మన జుట్టు బరువు కనుక నడుము దాకా ఉన్నవాళ్లకి ఇది మరీ ముఖ్యం.

ముందు భాగంలో నాలుగు వేళ్ల వెడల్పు పాయ వేరుచేసి క్లిప్పు పెట్టండి, అది చివర్లో పైపూతగా పనికొస్తుంది. సవరాన్ని ఉండచుట్టి నెట్‌లో పెట్టి, నడినెత్తికి కాస్త వెనగ్గా పిన్నులతో బిగించండి. పిన్నుల్ని ఎదురెదురుగా, గుణకారం గుర్తులా దూర్చాలి. ఒకే దిక్కుకి గుచ్చితే డాన్సులో జారతాయి. ఉండ చుట్టూ ఉన్న జుట్టును 2 సెంటీమీటర్ల మందం పాయలుగా తీసి, నిటారుగా పట్టుకుని, దువ్వెనతో కొస నుంచి కాదు, మధ్య నుంచి కుదురు వైపు మూడు నాలుగుసార్లు నొక్కి దించండి. కుదురు దగ్గర మెత్తటి దిండులా గట్టిపడాలి. ఎత్తు నిలబెట్టేది ఈ దిండే. స్ప్రే దాన్ని పట్టి ఉంచుతుందంతే. కుదురు వదులుగా వదిలేసి డబ్బా ఖాళీ చేసినా బరువు పెరిగి ఇంకా త్వరగా పడిపోతుంది.

ప్రతి పాయకీ 25 - 30 సెంటీమీటర్ల దూరం నుంచి పల్చగా కొట్టి, ఆరనిచ్చి, తర్వాతి పాయకి వెళ్లండి. దగ్గరగా కొడితే తడిసి తెల్లటి పొరలు రాలతాయి. చివరికి ముందు పాయను పైనుంచి పరిచి, బ్రష్‌తో పైపైన మాత్రమే నునుపు చేసి, వెనక మడిచి యూ పిన్నులు పెట్టాలి. గట్టిగా దువ్వారా, చేసిన పనంతా విడిపోతుంది. స్ప్రేకి నిప్పు ఇట్టే అంటుకుంటుంది, గ్యాసు పొయ్యి, అగరుబత్తి, సిగరెట్ దగ్గర వద్దు.

ట్రేసీకి పోటీ అయిన అమ్మాయి తల్లి వెల్మా తన విగ్గులో బాంబు దాచే దృశ్యానికి సొంత జుట్టు పనికిరాదు; తీగ చట్రం మీద అల్లిన తేలికపాటి విగ్గు కావాలి. ట్రేసీ తల్లి ఎడ్నా వేషం 1988 సినిమాలో వేసిన నటుడు డివైన్ నుంచి మగవాళ్లే వేస్తున్నారు. వాళ్లకీ విగ్గే; చెవుల ముందు అంచు లేవకుండా అక్కడ జిగురు పట్టీ అంటించండి.

విప్పేటప్పుడు ముందు పిన్నులన్నీ లెక్కపెట్టి తీయండి. గోరువెచ్చటి కొబ్బరినూనె పట్టించి అరగంట ఆగి, కొసల నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి వెళ్తూ వేళ్లతో చిక్కు విడదీయండి. దువ్వెన ఆ తర్వాతే.