బరువు తగ్గే ఆపరేషన్: మనసు కుంగకుండా, తోడు కరువవకుండా కోలుకోవడం ఎలా?

కర్నూలు నుంచి హైదరాబాదుకో, అనంతపురం నుంచి బెంగళూరుకో, కడప నుంచి తిరుపతికో చెన్నైకో వెళ్ళి బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుని వచ్చేవాళ్ళు మన వైపు ఉన్నారు. ఆస్పత్రిలో ఉండేది మామూలుగా రెండు మూడు రోజులే. అసలు కోలుకోవడమంతా ఇంటికి వచ్చాక, మన వంటింట్లో, మన చుట్టాల మాటల మధ్య జరుగుతుంది. అందుకే ఆపరేషన్ తేదీకి ముందే మనుషుల్ని సిద్ధం చేసుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. "ధైర్యంగా ఉండు" అని చెప్పేవాళ్ళు ఎంతమందైనా దొరుకుతారు. రెండో వారంలో పప్పు కట్టు వడగట్టి ఇచ్చేవాళ్ళు, రాత్రి పదింటికి ఫోన్ ఎత్తేవాళ్ళు మాత్రం ముందుగా అడిగి పెట్టుకుంటేనే ఉంటారు.

1. జరగబోయేది ఏమిటో ముందు మీకు తెలియాలి

ఇది కొవ్వు పీల్చేసే ఆపరేషన్ కాదు, అందం కోసం చేసేదీ కాదు. ఎక్కువగా చేసేవి స్లీవ్, బైపాస్ అనే రెండు పద్ధతులు. స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం దాకా తీసేసి, మిగిలినదాన్ని సన్నటి గొట్టం ఆకారంలో ఉంచుతారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది తీసేసిన ఆ భాగంలోనే. అందుకే తర్వాత ఆకలి కూడా తగ్గుతుంది. బైపాస్‌లో (గుండెకు చేసేది కాదు) జీర్ణాశయం పైభాగాన్ని చిన్న సంచిగా వేరు చేసి నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. ఏదైనా ఎక్కువగా ల్యాపరోస్కోపీతోనే, చిన్న రంధ్రాల గుండా చేస్తారు.

2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు పాత నియమాలను మార్చాయి. బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూసే లెక్క) 35 దాటితే వేరే జబ్బు లేకపోయినా ఆపరేషన్ సూచించవచ్చు. 30 దాటి షుగర్ లాంటి జబ్బు ఉంటే ఆలోచించవచ్చు. ఆసియా వాళ్ళ విషయంలో 27.5 నుంచే చూడమన్నారు. ఇన్సూరెన్స్ లెక్క మాత్రం వేరు. మన దేశంలో పాలసీలు సాధారణంగా బీఎంఐ 40, లేదా 35తో పాటు అదుపులో లేని షుగర్, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం), గుండె జబ్బు లాంటివి ఉండాలంటాయి. పైగా వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, అంటే పాలసీ తీసుకున్నాక కొంతకాలం ఆగాలి. ఆస్పత్రిలో చేరే రోజు డబ్బుల టెన్షన్ పడకుండా ఈ కాగితాలు ముందే తేల్చుకోండి.

ఇంకొకటి తెలిస్తే మనసుకు చాలా బలం. తిండి తగ్గించి బరువు దించినప్పుడల్లా శరీరం ఆకలిని పెంచుతుంది, ఖర్చు చేసే శక్తిని తగ్గిస్తుంది. తగ్గిన బరువు మళ్ళీ రావడం వెనుక ఉన్న కారణం చాలా వరకు ఇదే. మీరు బద్ధకస్తులని ఎవరైనా అంటే ఆ మాట మనసులో పెట్టుకోకండి. అది నిజం కాదు.

2. ఎవరికి చెప్పాలి, ఎంత చెప్పాలి

ఊరందరికీ చెప్పాల్సిన పని లేదు. ఒకే ఇంట్లో ఉండేవాళ్ళకు మాత్రం దాచకూడదు. దాచితే మొదటి నెలలో మీరు గరిటెడు తిని లేచిపోతుంటే వాళ్ళు బెదిరిపోతారు, బలవంతం చేస్తారు. అత్తగారు ఇలా అనవచ్చు: "తిండి తగ్గిస్తే పోతుంది కదమ్మా, కడుపు కోయించుకునేదెందుకు?" దానికి వాదన అక్కరలేదు. "తగ్గించి చూసినా కదత్తా, మళ్ళీ వస్తాంది. షుగరుకూ మోకాళ్ళకూ ఇదే దారని డాక్టరు చెప్పినారు. రెండు నెలలు నా తిండి సంగతి మీరే చూసుకోవాల." చివరి మాట ముఖ్యం. వద్దనే పెద్దవాళ్ళకు ఒక పని అప్పగిస్తే వాళ్ళే మీ వైపు నిలబడతారు. వీలైతే వాళ్ళలో ఒకరిని డైటీషియన్ దగ్గరికి కూడా తీసుకెళ్ళండి. మీరు చెబితే వినని మాట తెల్లకోటు వాళ్ళు చెబితే వింటారు.

బయటివాళ్ళకు "కడుపుకు చిన్న ఆపరేషన్ అయింది" అని చెప్పినా చాలు. అది అబద్ధం కాదు.

3. పనులు పంచండి

తేదీ ఖరారయ్యాక ఒక కాగితం తీసుకుని పేర్లు రాయండి. వంట ఎవరిది? పిల్లల స్కూలు ఎవరు చూస్తారు? ఆస్పత్రికి ఫోన్ చేసి మాట్లాడేది ఎవరు? ప్రయాణంలో, తర్వాత చెకప్‌లకు వెంట వచ్చేది ఎవరు? ఇవన్నీ ఒకే మనిషి మీద, అంటే సాధారణంగా భార్య మీదో పెద్దకూతురి మీదో పడేస్తే, నెల తిరిగేసరికి ఆ మనిషి అలిసిపోతుంది. అప్పుడు ఇద్దరూ కుంగిపోతారు.

ఏ పనీ అప్పగించని మనిషి ఒకరు విడిగా ఉండాలి. అక్కో, స్నేహితుడో, ఆఫీసులో దగ్గరివాళ్ళో కావచ్చు. ఏడ్చినా సలహా ఇవ్వకుండా వినగలగాలి, అంతే. చాలా ఆస్పత్రులు ఆపరేషన్ అయినవాళ్ళతో సపోర్ట్ గ్రూపులు నడుపుతాయి. చేరండి. అయితే అందులో ఇంకొకరు నెలకు ఎన్ని కిలోలు తగ్గారో చూసి మీతో పోల్చుకోవద్దు. వయసు, మొదటి బరువు, షుగర్, ఆపరేషన్ రకం, ఇలా ఎన్నిటిని బట్టో అది మారుతుంది.

4. ఆపరేషన్ ముందు రోజులు

చాలామంది సర్జన్లు రెండు వారాల ముందు నుంచి తక్కువ కేలరీలు, ఎక్కువ ప్రొటీన్ ఉండే తిండి పెట్టమంటారు. కాలేయంలో పేరుకున్న కొవ్వు తగ్గి, అది చిన్నదై ఆపరేషన్ సులువవుతుంది. సిగరెట్, బీడీ కనీసం ఆరు వారాల ముందే ఆపాలి.

మానసిక నిపుణుడు మాట్లాడతారంటే చాలామంది భయపడతారు, ఫెయిల్ చేస్తారేమోనని. అది పరీక్ష కాదు. డిప్రెషన్ ఉంటే, రాత్రిళ్ళు బాధలో తినే అలవాటు ఉంటే అక్కడే చెప్పేయండి. మాత్రలు వాడుతుంటే తప్పక చెప్పండి, సొంతంగా ఆపకండి. ముఖ్యంగా బైపాస్ తర్వాత కొన్ని మందులు ఒంటికి పట్టే తీరు మారుతుంది, డోసు చూసుకోవాల్సి రావచ్చు.

5. మన తిండితోనే నెట్టుకురావడం

ఎక్కువమంది మనసు జారేది ఇక్కడే. ఇల్లంతా తాలింపు వాసన, మీ గిన్నెలో మాత్రం వడగట్టిన తేట.

ఏ వారంలో ఏది తినాలో మీ ఆస్పత్రి ఇచ్చిన కాగితమే ప్రమాణం. సాధారణంగా మొదటి ఒకటి రెండు రోజులు నీళ్ళలాంటి ద్రవాలు, తర్వాత రెండో వారం చివరి దాకా పాలు, పలుచటి మజ్జిగ, వడగట్టిన పప్పు కట్టు, ప్రొటీన్ పొడి కలిపిన ద్రవాలు. మూడు, నాలుగు వారాల్లో మెత్తగా చిదిమినవి: పెసరపప్పు, గుడ్డు, పెరుగు, మెత్తటి పనీర్. ఆరు నుంచి ఎనిమిది వారాలకు మామూలు తిండి వైపు వస్తారు. రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ అందాలి. రాగిజావ మంచిదే కానీ దానితోనే కడుపు నింపితే ప్రొటీన్‌కు చోటుండదు.

సంగటి గురించి విడిగా చెప్పాలి. మనం సంగటి ముద్దను నమలం, పులుసులో ముంచి మింగేస్తాం. ఆపరేషన్ తర్వాత ఆ అలవాటు ప్రమాదం. జిగురుగా ఉండేది, నమలకుండా మింగింది అడ్డుపడి నొప్పి, వాంతి తెస్తుంది. డాక్టరు సరేనన్నాక కూడా గోలీ అంత తీసుకుని బాగా నమలాలి. కోడికూర అయినా, చిన్న జొన్నరొట్టె ముక్క అయినా అంతే. కారం తగ్గించి, ఉప్పు, జీలకర్ర, కాస్త నిమ్మరసంతో రుచి తెచ్చుకోండి. నాలుకకు రుచి దొరికితే మనసుకు ఓపిక దొరుకుతుంది. ఓళిగలు, పాలకోవా లాంటి తీపి తింటే, బైపాస్ వాళ్ళకు మరీ ఎక్కువగా, గుండె దడ, చెమట, కడుపులో తిప్పడం, విరేచనాలు వస్తాయి. దీన్ని డంపింగ్ అంటారు.

నీళ్ళ సంగతి మన ఎండల్లో ఇంకా పెద్దది. ఒకేసారి గ్లాసుడు తాగలేరు. తింటూ తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. అయినా రోజంతా కలిపి లీటరున్నర నుంచి రెండు లీటర్లు పోవాలి. గుక్క గుక్కగా, సీసా పక్కనే పెట్టుకుని తాగాలి. ఏప్రిల్, మే నెలల్లో ఇది నిజంగా కష్టం. తేదీ మీ చేతిలో ఉంటే, తొందర లేదని డాక్టరు అంటే, వర్షాలు మొదలయ్యాక పెట్టుకోమని నా సలహా. మూత్రం ముదురు రంగులో వస్తున్నా, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నా నీళ్ళు చాలడం లేదనే. రంజాన్ రోజా, ఏకాదశి, శనివారం ఒంటిపూట, ఏ ఉపవాసమైనా మొదటి ఏడాదిలో సర్జన్‌ను అడగకుండా ఉండకండి.

6. దిగులు వచ్చే రోజులు ముందే తెలుసుకోండి

"ఎందుకు చేయించుకున్నానురా దేవుడా" అనే మాట మొదటి నెలలో చాలామంది నోట వస్తుంది. నొప్పి, నీరసం, అతి తక్కువ తిండి, వీటికి తోడు ఇన్నేళ్ళూ బాధలో ఆసరాగా నిలిచిన తిండే దూరమవడం. ఆ దిగులు వచ్చిందంటే మీ నిర్ణయం తప్పని కాదు.

మూడో వారం దగ్గర బరువు కొన్ని రోజులు కదలకపోవచ్చు. రోజూ తూకం ఎక్కితే పిచ్చెక్కుతుంది. వారానికి ఒకసారి, ఒకే రోజు, ఒకే వేళకు చూడండి. నడుము కొలత, మెట్లెక్కినప్పుడు ఆయాసం, షుగర్ రీడింగ్ కూడా రాసుకోండి. మూడో నెల నుంచి ఆరో నెల మధ్య చాలామందికి జుట్టు రాలుతుంది. ఆడవాళ్ళను ఇది బాగా కుంగదీస్తుంది. ఒంటికి తగిలిన దెబ్బకు, వేగంగా తగ్గిన బరువుకు జుట్టు అలా స్పందిస్తుంది. ప్రొటీన్, ఐరన్ సరిగా ఉంటే ఎక్కువమందికి కొన్ని నెలల్లో మళ్ళీ వస్తుంది.

నడక మానకండి. దేవుని కడప చెరువు గట్టయినా, కర్నూలు స్టేడియమైనా, మీ మేడమీదైనా సరే. ఎండెక్కక ముందే ముగించండి, ఒకరిని తోడు రమ్మనండి.

7. పెళ్ళిళ్ళలో, పలకరింపుల్లో

నాలుగైదు నెలలకు ముఖం మారుతుంది. "ఏమే, అంత పీక్కుపోయినావు, జబ్బేమన్నానా?" అని పది మంది ముందు అడుగుతారు. "బాగున్నా వదినా, డాక్టరు చెప్పినట్టే తగ్గుతాండా" అని నవ్వి పక్కకు జరగండి. విస్తరి ముందు కూర్చుంటే వడ్డించేవాళ్ళు ఊరుకోరు. ఇంట్లోనే ప్రొటీన్ ఉన్నది తిని వెళ్ళి, అక్కడ చిన్న ప్లేటులో మీరే పెట్టుకోండి. మీ భర్తో భార్యో పక్కనుండి "తనకు చాలు" అని ఒక్క మాట అంటే మీకు సగం బరువు దిగుతుంది. ఆ మాట అనమని ముందే అడగండి.

మందు తాగే సంగతి దాచకుండా చెప్పాలి. ఆపరేషన్ తర్వాత, ముఖ్యంగా బైపాస్ తర్వాత, కొద్దిగా తాగినా త్వరగా, ఎక్కువగా ఎక్కుతుంది. తిండి స్థానంలో మద్యం అలవాటయ్యే ప్రమాదం కూడా పెరుగుతుంది. అసలు ముట్టుకోకపోవడమే మేలు.

8. ధైర్యం చెప్పుకుంటూ కూర్చోకూడని సందర్భాలు

మొదటి వారాల్లో జ్వరం, ఆగని గుండె దడ, పెరుగుతున్న కడుపు నొప్పి, భుజం నొప్పి, ఊపిరి ఆడకపోవడం, పిక్క వాపు, వీటిలో ఏది వచ్చినా వెంటనే సర్జన్‌కు ఫోన్ చేసి 108 పిలవండి. కుట్లు వేసిన చోట లీకేజీ, రక్తం గడ్డకట్టడం లాంటివి ఇలాగే మొదలవుతాయి. ఆగని వాంతులు కూడా అత్యవసరమే. విటమిన్ బి1 పడిపోయి నరాలు, మెదడు దెబ్బతినవచ్చు.

మన పల్లెల్లో నొప్పనగానే ఇంజెక్షన్ వేయించుకోవడం మామూలు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ రకం నొప్పి మందులు బైపాస్ అయినవాళ్ళకు కడుపులో పుండు తెచ్చిపెట్టగలవు. డిశ్చార్జ్ కాగితం ఫోటో ఫోన్‌లో పెట్టుకుని ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ముందు అదే చూపించండి. షుగర్, బీపీ మాత్రల డోసు కూడా త్వరగా మారుతుంది, పాత చీటీ ప్రకారం వాడకండి.

రెండు వారాలకు పైగా దిగులు వదలకపోయినా, నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా ఒంటరిగా మోయకండి. ఆపరేషన్ అయిన ఏడాది రెండేళ్ళ తర్వాత కూడా ఇది రావచ్చు, అప్పటికి అందరూ మీ సంగతి మరిచిపోయి ఉంటారు. మనసు బాధలకు ఫోన్‌లో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ సర్వజన వైద్యశాలల్లో మానసిక వైద్యులు ఉంటారు. ప్రాణం తీసుకోవాలనే ఆలోచన వస్తే ఆ క్షణమే ఇంట్లో ఒకరికి చెప్పి ఆస్పత్రికి వెళ్ళండి.

9. ఏడాది తర్వాత

ఎక్కువ బరువు తగ్గేది మొదటి 12 నుంచి 18 నెలల్లో. ఆ వ్యవధిలో గర్భం రాకుండా చూసుకోవాలి. బరువు తగ్గాక గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది కూడా. పిల్లల కోసం ఇంట్లో తొందరపెడుతుంటే ఈ మాట డాక్టరు చేతే చెప్పించండి. విటమిన్లు, బి12, ఐరన్, కాల్షియం జీవితాంతం వాడాలి. ఐరన్‌కూ కాల్షియంకూ మధ్య రెండు గంటల తేడా ఉంచండి.

రెండో ఏడాది తర్వాత కొంత బరువు తిరిగి రావడం చాలామందికి జరుగుతుంది. అప్పుడు సిగ్గుపడి చెకప్ మానేసేవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది, ఎందుకంటే సాయం దొరికేది అక్కడే. రెండు మూడు కిలోలు పెరగగానే ఫోన్ చేయండి. ప్రయాణం భారమైతే రక్తపరీక్షలు ఇక్కడే చేయించి, రిపోర్టులు పంపి, ఫోన్‌లో మాట్లాడే వీలుందేమో మీ ఆస్పత్రిని అడగండి.