పికప్‌లో క్రూయిజ్ కంట్రోల్ స్విచ్ మార్చే ముందు

క్రూయిజ్ కంట్రోల్ అంటే యాక్సిలరేటర్ తొక్కకుండానే బండిని ఒకే వేగంలో నడిపించేది. దాని స్విచ్ మార్చే పని వానలు పడేలోపు ముగించాలనుకునే విశాఖవాసులు ముందుగా ఇవి చూసుకోండి.

• బ్యాటరీ నెగటివ్ వైరు తీసి 10 నిమిషాలు ఆగండి. స్విచ్ ఉండేది స్టీరింగ్ మీద, ఎయిర్‌బ్యాగ్ పక్కనే. వైరు తీసినా ఎయిర్‌బ్యాగ్ కెపాసిటర్‌లో కాసేపు కరెంటు నిలిచి ఉంటుంది, బ్యాగ్ పేలితే ముఖానికే దెబ్బ. విప్పిన ఎయిర్‌బ్యాగ్‌ను కవర్ పైకి ఉండేలా పెట్టండి. దాని పసుపు కనెక్టర్‌లో మల్టీమీటర్ అసలు పెట్టొద్దు.

• ఎయిర్‌బ్యాగ్ ఊడి ఉండగా ఇగ్నిషన్ ఆన్ చేయొద్దు. ఎయిర్‌బ్యాగ్ వార్నింగ్ లైటు వెలిగిందంటే చాలా బళ్లలో స్కానర్ (లోపాల కోడ్ చదివి చెరిపే పరికరం) పెడితే గానీ పోదు.

• లోపం నిజంగా స్విచ్‌దేనా? బ్రేక్ పెడల్ స్విచ్ పాడైనా క్రూయిజ్ పట్టదు, కాబట్టి బ్రేక్ లైట్లు వెలుగుతున్నాయో లేదో చూడండి. హారన్ కూడా మోగకపోతే అనుమానించాల్సింది క్లాక్ స్ప్రింగ్‌నే (స్టీరింగ్ తిరుగుతున్నా దాని మీది స్విచ్‌లకు కరెంటు అందించే రిబ్బన్ వైరు చుట్ట). అప్పుడు కొత్త స్విచ్ కొన్నా డబ్బు దండగ.

• స్టీరింగ్ తీయాల్సి వస్తే ముందు చక్రాలు తిన్నగా పెట్టండి. తీశాక క్లాక్ స్ప్రింగ్ తిరిగితే, తర్వాత మలుపులో లోపలి రిబ్బన్ తెగుతుంది.

• మన సముద్రపు గాలికి పిన్నులకు పచ్చటి చిలుము పడుతుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరనివ్వండి. ఒక్కోసారి పాత స్విచ్చే మళ్లీ పనిచేస్తుంది.

• పార్ట్ నంబరు పాతదానితో సరిపోల్చాకే కొనండి.