నానోమీటర్ నుంచి కాంతి సంవత్సరం దాకా: సున్నాలు లెక్కపెట్టకుండా మార్చడం ఎలా

కాంతి సంవత్సరంలో (అంటే కాంతి ఏడాదిలో వెళ్లే దూరంలో) ఎన్ని నానోమీటర్లు అని అడిగితే చాలామంది కాగితం మీద సున్నాలు వరసగా రాసుకుంటూ పోతారు. దయచేసి అలా చేయకండి. ఇరవై నాలుగు సున్నాల్లో ఒకటి జారిపోయినా కంటికి ఆనదు, జవాబు మాత్రం పది రెట్లు తప్పుతుంది.

ఏ యూనిట్ అయినా ముందు మీటర్లలోకి తెచ్చుకోండి, అక్కడి నుంచి కావాల్సిన యూనిట్‌లోకి వెళ్లండి. నేరుగా దూకబోతేనే టెన్షన్.

గుర్తుంచుకోవాల్సినవి కొన్నే. మైక్రోమీటర్ అంటే 10⁻⁶ మీటర్లు, నానోమీటర్ 10⁻⁹, ఆంగ్‌స్ట్రామ్ 10⁻¹⁰, పికోమీటర్ 10⁻¹². పెద్దవాటిలో ఖగోళ యూనిట్ (భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరం అనుకోండి, 2012లో దీన్ని సరిగ్గా 1,49,59,78,70,700 మీటర్లుగా ఖాయం చేశారు) 1.496 × 10¹¹ మీటర్లు, కాంతి సంవత్సరం 9.461 × 10¹⁵, పార్సెక్ 3.086 × 10¹⁶. కాంతి సంవత్సరం విలువ మర్చిపోయినా పర్లేదు, సెకనుకి 29,97,92,458 మీటర్ల కాంతి వేగాన్ని 365.25 రోజుల్లో ఉండే 3,15,57,600 సెకన్లతో గుణిస్తే అదే వస్తుంది.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. హైడ్రోజన్ పరమాణువు అడ్డంగా సుమారు ఒక ఆంగ్‌స్ట్రామ్ ఉంటుంది. వాటిని పక్కపక్కన పేర్చుకుంటూ కాంతి సంవత్సరం పొడవు నింపాలంటే ఎన్ని కావాలి? 9.461 × 10¹⁵ ని 10⁻¹⁰ తో భాగించాలి. భాగహారంలో పై ఘాతంలోంచి (పది మీద చిన్నగా రాసే అంకె) కింది ఘాతాన్ని తీసేయాలి కాబట్టి 15 − (−10), అంటే 25. జవాబు 9.461 × 10²⁵. ఎక్కువమంది పడిపోయేది ఇక్కడే: మైనస్‌లో మైనస్ మర్చిపోయి 15 − 10 = 5 అని రాసేస్తారు, అప్పుడు తొమ్మిదిన్నర లక్షల పరమాణువులు చాలన్నమాట. అన్ని పరమాణువులు పేర్చినా పొడవు మిల్లీమీటర్‌లో పదో వంతు కూడా రాదు, అంటే ఒక వెంట్రుక మందం! జవాబు రాగానే ఇలా వెనక్కి తిప్పి చూసే అలవాటు చేసుకోండి. చిన్న యూనిట్‌లోకి మారిస్తే అంకె పెరగాలి, పెద్ద యూనిట్‌లోకి మారిస్తే తగ్గాలి.

ముందున్న అంకెని, ఘాతాన్ని విడివిడిగా లెక్కించండి. 520 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతి తరంగదైర్ఘ్యం ఖగోళ యూనిట్లలో కావాలంటే, ముందు దాన్ని 5.2 × 10⁻⁷ మీటర్లుగా రాసుకోండి. 5.2 ÷ 1.496 అంటే 3.48, ఘాతం −7 − 11 అంటే −18. అంతే, 3.48 × 10⁻¹⁸.

మనకి లక్షలు, కోట్లు అలవాటు కాబట్టి అవి కూడా ఘాతాల్లో తెలిసుండాలి: లక్ష 10⁵, కోటి 10⁷, లక్ష కోట్లు 10¹². కాంతి సంవత్సరం 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు అని చదివితే అది 9.46 × 10¹² కిలోమీటర్లు, మీటర్లలోకి రావడానికి ఇంకో 10³ తో గుణించాలి, అంటే ఘాతానికి 3 కలపాలి. ఆ 3 కలపడం మర్చిపోతే మొత్తం వెయ్యి రెట్లు పోతుంది.

కాలిక్యులేటర్ వాడేవాళ్లు ఒక్కటి చూసుకోండి. ఎక్స్‌ప్ (EXP) బటన్‌లోనే "పది ఘాతం" ఉంది, కాబట్టి 10⁹ కోసం 1, ఎక్స్‌ప్, 9 నొక్కాలి. 10, ఎక్స్‌ప్, 9 నొక్కితే 10¹⁰ అవుతుంది.