హాంకాంగ్ మూడు రోజుల ట్రిప్‌కు ముందు చూసుకోవాల్సినవి

వీసా అక్కర్లేదని నిశ్చింతగా ఉండొద్దు. భారత పాస్‌పోర్టుతో 14 రోజుల లోపు ఉండటానికి వెళ్లేవాళ్లూ ముందే ఆన్‌లైన్‌లో ప్రీ-అరైవల్ రిజిస్ట్రేషన్ చేసుకోవాలి. ఉచితమే. ఇంటిపేరు, పేరు పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే కొట్టండి (మన తెలుగువాళ్లకు తేడా వచ్చేది ఇక్కడే). స్లిప్ ప్రింట్ తీసుకోండి. అది లేకుంటే మన ఎయిర్‌పోర్టులోనే ఆపేయొచ్చు.

ఈ-సిగరెట్ బ్యాగులో ఉంచొద్దు. అక్కడికి తీసుకెళ్లడమే నేరం.

జూలై-సెప్టెంబరులో తుపానులు ఎక్కువ. 8వ నంబరు తుపాను హెచ్చరిక సిగ్నల్ పడితే ఫెర్రీలు, బస్సులు ఆగిపోతాయి. అందుకే నగరమంతా పైనుంచి కనిపించే కొండ విక్టోరియా పీక్‌ను చివరి రోజుకు మిగల్చొద్దు.

దిగగానే ఆక్టోపస్ కార్డు (ముందే డబ్బు వేసుకుని ప్రయాణాలకు వాడే కార్డు) తీసుకోండి. బస్సులో చిల్లర ఇవ్వరు. హార్బర్ దాటించే స్టార్ ఫెర్రీకీ ఇదే కార్డు.

మన ప్లగ్ అక్కడ పట్టదు, అడాప్టర్ పెట్టుకోండి.