గుండెల్లో మంటకి టేపు వైద్యం

ఒడిశా బరంపురంలో మా పట్టుచీరల దుకాణం రాత్రి తొమ్మిదిన్నరకి కట్టేస్తాం. లెక్క చూసుకుని ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చునేసరికి పదిన్నర. పదకొండుకల్లా మంచం. ఇరవై ఏళ్ళు ఇలాగే నడిచింది, ఏమీ కాలేదు. నలభై ఎనిమిదో ఏట మొదలైంది: అర్ధరాత్రి గొంతులోకి పుల్లటి నీళ్ళు, రొమ్ము మధ్యలో మంట. మిరపకాయ మానేశాను, మసాలా మానేశాను, మా ఇంటావిడ చేసే ఆవపెట్టిన పనసపొట్టు కూర కూడా మానేశాను. మంట మాత్రం నన్ను మానలేదు.

అసలు సంగతి దర్జీ నోట వచ్చింది. కొలత తీస్తూ "పేట బఢిగలా, భాయీ" అని నవ్వాడు. పొట్ట పెరిగిపోయిందట. నడుము 41 అంగుళాలు. ఐదేళ్ళలో 74 కిలోల నుంచి 84కి వచ్చాను. నా ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు.

డాక్టరు దగ్గర తెలిసింది నా భాషలో చెబుతాను. బియ్యం బస్తా మూతికి వదులుగా తాడు కట్టి, మధ్యలో మోకాలేసి నొక్కండి. గింజలు పైకి తన్నుకొస్తాయి. అన్నవాహిక జీర్ణాశయంలో కలిసే చోట ఒక కండర కవాటం ఉంటుంది, అదే ఆ తాడు. పొట్టలో పేరుకున్న కొవ్వు ఆ మోకాలు. ఒత్తిడి పెరిగేకొద్దీ కవాటం పట్టు సడలుతుంది, ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. కొందరికి జీర్ణాశయం పైభాగం ఛాతీలోకి జారుతుంది కూడా. సన్నగా ఉన్నవాళ్ళకీ మంట వస్తుంది, కాదనను. కానీ బరువు పెరిగాక మొదలైన మంటకి మందు ముందు బరువులోనే వెతకాలి.

కాబట్టి మొదటి పని: మంట లేని రోజుల్లో మీ బరువెంతో గుర్తు తెచ్చుకోండి. పాత ఫోటోలు, పాత ప్యాంట్లు సాయపడతాయి. చార్టులో రాసిన ఆదర్శ బరువు చూసి టెన్షన్ పడక్కర్లేదు. 2006లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనం వేలమంది నర్సుల మీద జరిగింది. బీఎంఐ, అంటే ఎత్తునిబట్టి చూసే బరువు లెక్క, 3.5 కంటే ఎక్కువ పెరిగినవాళ్ళలో మంట బాగా ఎక్కువ కనిపించింది, మొదట్లో మామూలు బరువు ఉన్నవాళ్ళలో కూడా. అంత తగ్గించుకున్నవాళ్ళలో తరచూ వచ్చే మంట దాదాపు 40 శాతం తక్కువ. నా ఎత్తుకి ఆ 3.5 అంటే తొమ్మిదిన్నర కిలోలు. నేను పెరిగింది పది! వాళ్ళంతా ఆడవాళ్ళే అనుకోండి, అయినా లెక్క నాకు ఉలిక్కిపాటు తెప్పించింది.

రెండోది, తూకం కంటే టేపుని నమ్మండి. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్య, ఊపిరి వదిలాక కొలవండి. మన దేశంలో మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటితే పొట్ట ఎక్కువన్నట్టు. పొట్ట లోపలికి బిగబట్టి కొలిస్తే మోసపోయేది మీరే. మా షాపులో మీటరు బద్ద జరిపి కొలిచేవాణ్ణి చూశాను, వాడి గతి నాకు తెలుసు.

ఇక బరువు తగ్గించే పద్ధతుల దగ్గరే చాలామంది బోర్లా పడతారు, నేనూ పడ్డాను. పరగడుపున నిమ్మరసం, వేడినీళ్ళు తాగమని మా బావమరిది చెప్పాడు. "నా మాట విను బావా, కొవ్వు కరిగిపోతుంది" అన్నాడు. వారం తాగాను, మంట రెట్టింపయింది. వాము, వెనిగరు, పరగడుపు కాఫీ, ఏది చెప్పినా ముందు మీ గొంతుని అడగండి. పొట్ట తగ్గాలని నేల మీద పడుకుని లేచే కసరత్తు చేస్తే పొట్ట మడతపడి అదే ఒత్తిడి. నడుముకి బిగించే బెల్టులూ అంతే, బస్తాని ఇంకా నొక్కడమే. పగలంతా పస్తుండి రాత్రి ఒక్కసారే పళ్ళెం నిండా తినడం అన్నిటికన్నా చెడ్డది.

నాకు పనిచేసింది అన్నం వేళ మార్చడం. ఇప్పుడు ఏడున్నరకి దుకాణానికే క్యారేజీ వస్తుంది: రెండు రొట్టెలు, పప్పు, కూర. గద్దె వెనక కూర్చుని తింటాను. బేరం వస్తే అబ్బాయి చూసుకుంటాడు. పడుకునేలోగా మూడు గంటలు దొరుకుతాయి. సాయంత్రం సింగడాల (సమోసాల) బదులు గుప్పెడు ముఢీ (మరమరాలు), దోసకాయ ముక్కలు. పొద్దున్నే గిరి రోడ్డు మీద నలభై నిమిషాలు నడక. ఎండాకాలం మధ్యాహ్నం పఖాళ (నీళ్ళలో నానిన చద్దన్నం) మానలేదు, అందులోకి వేయించిన వడియాలు తగ్గించాను. నెలకి ఒక కిలో లెక్కన ఏడు నెలల్లో 77కి వచ్చాను, నడుము 38. మంట రోజూ వచ్చేది, ఇప్పుడు నెలకి రెండు మూడు రాత్రులు.

బరువు తగ్గేలోగా నిద్ర పోవాలి కదా. తలవైపు మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టి ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు లేపండి. దిండ్లు పేర్చితే మెడ, నడుము వంగి పొట్ట నొక్కుకుంటుంది. ఎడమవైపు తిరిగి పడుకోండి. అలా పడుకుంటే జీర్ణాశయం అన్నవాహిక కంటే కిందుగా ఉంటుంది.

డాక్టరు రాసిన మాత్రలు టిఫిన్‌కి అరగంట ముందు వేసుకునేవైతే ఆ వేళకే వేసుకోండి, సొంతంగా ఆపకండి. మింగేటప్పుడు అన్నం అడ్డుపడినా, వాంతిలో రక్తం కనిపించినా, మలం నల్లగా వచ్చినా, ప్రయత్నించకుండానే బరువు పడిపోతున్నా టేపు పక్కన పడేసి ఆసుపత్రికి వెళ్ళండి. మంటతోపాటు చెమటలు పట్టినా, చేతికో దవడకో నొప్పి పాకినా అది గుండె కావచ్చు, తెల్లారేదాకా ఆగొద్దు.

మిగిలింది పెళ్ళి భోజనాలు. మనవాళ్ళ ముహూర్తాలు రాత్రి ఒంటిగంటకో రెండింటికో ఉంటాయి. తొమ్మిదికి తిన్నా పడుకోవడానికి చోటెక్కడుంది? తాళి కట్టేదాకా కుర్చీలోనే. నా మటుకు నాకు అవే మంట లేని రాత్రులు.